ఇంటి నెట్‌వర్క్‌లో వైర్‌లెస్ రౌటర్ అమరిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ చేసే పనులను వివరించగలుగుతారు.
• రౌటర్ సెట్టింగుల పేజీని తెరిచి, ముఖ్యమైన సెట్టింగులను వరుసక్రమంలో మార్చగలుగుతారు.
• అడ్మిన్ పాస్‌వర్డ్‌కు, వైఫై పాస్‌వర్డ్‌కు గల తేడాను చెప్పగలుగుతారు.
• బలమైన పాస్‌వర్డ్ ఎందుకు అవసరమో లెక్కతో నిరూపించగలుగుతారు.
• ఇంటర్నెట్ రానప్పుడు లోపం ఎక్కడ ఉందో గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

2008 జూలై 26 సాయంత్రం అహ్మదాబాద్ నగరంలో వరుస బాంబు పేలుళ్లు జరిగాయి. పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు కొన్ని వార్తా సంస్థలకు ఒక ఈ-మెయిల్ అందింది. అది ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చిందో దర్యాప్తు అధికారులు వెతుక్కుంటూ వెళ్లగా, నవీ ముంబైలోని ఒక ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ దగ్గరకు చేరారు. ఆ ఇంట్లో ఉంటున్న వ్యక్తికి ఆ ఈ-మెయిల్‌తో సంబంధం లేదని తరువాత తేలింది. ఆయన వైఫైకి రక్షణ లేకపోవడం వల్ల బయటివారు దానిని వాడుకున్నారు.

దర్యాప్తు ఆ ఇంటి గుమ్మం దాకా సులభంగా వెళ్లింది. కాని పంపిన మనిషి ఎవరో ఆ చిరునామా ఒక్కటే చెప్పలేకపోయింది. ఇందుకు కారణం రౌటర్ పనిచేసే తీరులోనే ఉంది. రౌటర్ ఇంట్లోని పరికరాలన్నిటినీ బయటి ప్రపంచానికి ఒకే చిరునామాగా చూపిస్తుంది. అందువల్ల దానికి ఎవరు కనెక్ట్ అయినా, బయటి లెక్కలో అది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వారి ఇంటి నుంచి జరిగిన పనే అవుతుంది. మన చిరునామాతో ఇంటర్నెట్‌లోకి ఎవరు వెళ్లవచ్చు అన్నదే రౌటర్ అమరికలో ప్రధానమైన ప్రశ్న. ఈ భాగంలో మనం చూసే సెట్టింగులలో ఎక్కువ భాగం ఆ ప్రశ్నకు సమాధానాలే.

7.2 రౌటర్ చేసే పనులు

మనం రౌటర్ అని పిలిచే చిన్న పెట్టెలో నిజానికి నాలుగు పరికరాల పనులు కలిసి ఉంటాయి.

అ) చిరునామా మార్పిడి: ఐపీ నాలుగవ రూపంలో ప్రతి చిరునామా 32 బిట్ల సంఖ్య. కాబట్టి మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచంలోని అన్ని పరికరాలకూ ఇవి చాలవు. అందుకే కొన్ని చిరునామాలను ఇళ్లలో, కార్యాలయాలలో లోపలి వాడకానికి ప్రత్యేకించారు. 192.168 తో మొదలయ్యేవి, 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. వీటిని ప్రైవేటు చిరునామాలు అంటారు. ఇవి ఇంటర్నెట్‌లో చెల్లవు. ఇంట్లోని ఫోను ఏదైనా వెబ్‌సైట్‌ను అడిగినప్పుడు, రౌటర్ ఆ ప్రైవేటు చిరునామా స్థానంలో తన బయటి చిరునామాను పెట్టి పంపుతుంది. ఈ ప్రక్రియను న్యాట్ అంటారు.

దీనిని ఒక హాస్టల్‌తో పోల్చవచ్చు. విద్యార్థులందరి ఉత్తరాలూ హాస్టల్ చిరునామాతోనే బయటకు వెళ్తాయి. జవాబు వచ్చినప్పుడు అది ఏ గదికి చెందినదో వార్డెన్ తన పుస్తకంలో చూసి అందజేస్తాడు. రౌటర్ కూడా అలాంటి పట్టికనే తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. బయటివారికి కనిపించేది హాస్టల్ మాత్రమే, గది కాదు.

ఆ) చిరునామాల పంపిణీ: ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక ప్రైవేటు చిరునామాను కొంత కాలానికి కేటాయించే పనిని డీహెచ్‌సీపీ చేస్తుంది. ఒకే చిరునామా రెండు పరికరాలకు పడకుండా ఇది చూసుకుంటుంది.

ఇ) స్విచ్: రౌటర్ వెనుక ఉండే ల్యాన్ పోర్టులు కేబుల్ ద్వారా కంప్యూటర్, టీవీ వంటి వాటిని కలుపుతాయి.

ఈ) యాక్సెస్ పాయింట్: కేబుల్ లేకుండా రేడియో తరంగాల ద్వారా పరికరాలను కలిపే భాగం. మనం వైఫై అనేది దీనినే.

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఐదవ పని కూడా తోడవుతుంది. గాజు తీగలో వచ్చే కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని ఓఎన్‌టీ అంటారు. కనెక్షన్ ఇచ్చేవారు బిగించే పెట్టెలో చాలాచోట్ల ఓఎన్‌టీ, రౌటర్ రెండూ కలిసే ఉంటాయి. అలాంటి ఇంట్లో మరో రౌటర్ కొని తగిలిస్తే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది. దానివల్ల కొన్ని ఆటలు, సీసీ కెమెరాలు, వీడియో కాల్స్ ఇబ్బంది పెట్టవచ్చు. వైఫై దూరం వెళ్లడానికి మాత్రమే రెండవ రౌటర్ కొన్నట్లయితే, దాని సెట్టింగులలో యాక్సెస్ పాయింట్ మోడ్‌ను ఎంచుకోవాలి. అప్పుడు న్యాట్, డీహెచ్‌సీపీ పనులను మొదటి పెట్టె ఒక్కటే చూసుకుంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ప్రైవేటు చిరునామాలు ఎందుకు అవసరమయ్యాయి?
2. న్యాట్ పట్టికలో రౌటర్ ఏమి నమోదు చేసుకుంటుంది?

7.3 అమరికకు ముందు చేయవలసినవి

రౌటర్‌ను వీలైనంత వరకు ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, తెరిచి ఉన్న చోట పెట్టాలి. టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ మీద పెడితే సంకేతం బలహీనపడుతుంది. లోహం రేడియో తరంగాలను తిప్పికొడుతుంది. నీరు వాటిని పీల్చుకుంటుంది. ఇనుప చువ్వలతో వేసిన కాంక్రీటు స్లాబు దాటి పై అంతస్తుకు సంకేతం తగ్గి వెళ్లడానికి కారణం కూడా ఇదే. మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి వంటింటికి దూరంగా ఉంచడం మంచిది.

రౌటర్ విడిగా ఉన్నట్లయితే, బయటి నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులో పెట్టాలి. ఇది తరచుగా వేరే రంగులో ఉంటుంది. కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెట్టాలి. కొత్తగా అమర్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఈ రెండింటినీ తారుమారు చేయడం. మొదటిసారి అమర్చేటప్పుడు వైఫైతో కాకుండా కేబుల్‌తో కనెక్ట్ అయితే మేలు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చిన వెంటనే వైఫైలో ఉన్న పరికరం తెగిపోతుంది. కేబుల్‌కు ఆ సమస్య లేదు.

7.4 సెట్టింగుల పేజీని తెరవడం

ప్రతి రౌటర్‌లోనూ ఒక చిన్న వెబ్ పేజీ ఉంటుంది. దానిని తెరవాలంటే రౌటర్ లోపలి చిరునామా తెలియాలి. దీనిని గేట్‌వే అంటారు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాలలో టైప్ చేస్తే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఆ సంఖ్య కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కనెక్ట్ అయి ఉన్న వైఫై వివరాలలో గేట్‌వే అన్న చోట ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి 192.168.1.1, 192.168.0.1.

ఈ సంఖ్యను బ్రౌజర్‌లోని చిరునామా పట్టీలో నేరుగా టైప్ చేయాలి. వెతికే పెట్టెలో టైప్ చేస్తే రౌటర్ పేజీకి బదులు వేరే వెబ్‌సైట్లు వస్తాయి. తరువాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి రౌటర్ అడుగున ఉన్న చీటీ మీద ముద్రించి ఉంటాయి.

హెచ్చరిక: పాస్‌వర్డ్ తెలియనప్పుడు పిన్నీసుతో రీసెట్ రంధ్రాన్ని నొక్కమని సలహా ఇచ్చేవారు ఉంటారు. రీసెట్ చేస్తే అందులోని వివరాలన్నీ చెరిగిపోతాయి. కనెక్షన్ ఇచ్చినవారి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా పోవచ్చు. అవి మీ దగ్గర రాసి లేకపోతే, టెక్నీషియన్ వచ్చేదాకా ఇంటర్నెట్ ఉండదు. పరీక్ష ఫీజు చివరి తేదీ నాడు ఈ ప్రయోగం చేయవద్దు.

7.5 సెట్టింగులు: వరుసక్రమం

7.5.1 అడ్మిన్ పాస్‌వర్డ్: అన్నిటికంటే ముందు మార్చవలసింది ఇదే. వైఫై పాస్‌వర్డ్ ఇంట్లోకి రావడానికి తాళంచెవి. అడ్మిన్ పాస్‌వర్డ్ తాళాన్నే మార్చగలిగే అధికారం. ఇది ఇతరుల చేతిలో పడితే వారు డీఎన్ఎస్ సెట్టింగును మార్చి, మీరు బ్యాంకు పేరు టైప్ చేసినా తమ నకిలీ పేజీకి పంపే ప్రయత్నం చేయవచ్చు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ తయారీదారులు ముందుగా పెట్టిన సుమారు 60 యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను వరుసగా ప్రయత్నిస్తూ రౌటర్లను, కెమెరాలను పెద్ద సంఖ్యలో స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరు 21న ఆ పరికరాలతో ఒక డీఎన్ఎస్ సంస్థపై దాడి జరిగినప్పుడు, ట్విట్టర్ వంటి ప్రసిద్ధ సైట్లు కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి నుంచి దాడి జరుగుతోందన్న సంగతే తెలియదు.

7.5.2 వ్యాన్ రకం: బయటి కనెక్షన్ మూడు రకాలుగా ఉండవచ్చు. చిరునామా దానంతట అదే వస్తే డైనమిక్ ఐపీ. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే పీపీపీఓఈ. ఎప్పటికీ మారని చిరునామా ఇస్తే స్టాటిక్ ఐపీ. ఏది ఎంచుకోవాలో కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి తెలుసుకోవాలి. ఊహించి పెట్టకూడదు.

ఈ పేజీలో కనిపించే వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ కనెక్షన్ ఇచ్చిన సంస్థ కూడా న్యాట్ చేస్తోందని అర్థం. అంటే అనేక ఇళ్లు ఒకే బయటి చిరునామాను పంచుకుంటున్నాయి. అలాంటి కనెక్షన్‌లో బయటి నుంచి ఇంటి కెమెరాను నేరుగా చూడటం సాధారణంగా కుదరదు. అది రౌటర్ లోపం కాదు.

7.5.3 వైఫై పేరు: దీనిని ఎస్ఎస్ఐడీ అంటారు. ఇది వీధిలో అందరికీ కనిపిస్తుంది. కాబట్టి ఇంటి పేరు, ఫ్లాట్ సంఖ్య, ఫోన్ నంబరు ఇందులో ఉండకూడదు. తయారీదారు పెట్టిన పేరును అలాగే వదిలివేయడం కూడా మంచిది కాదు. వైఫై రహస్య సంకేతాన్ని లెక్కించడంలో ఈ పేరు కూడా భాగం. అందరికీ ఉండే పేరైతే ముందుగానే లెక్కించి పెట్టుకున్న పట్టికలు దాడి చేసేవారికి ఉపయోగపడతాయి.

7.5.4 రక్షణ రకం: 1997 నాటి వెప్ పద్ధతిలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీ రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే దానినే ఎంచుకోవాలి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టాలి. రెండూ లేకపోతే డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అన్నది కనీస ప్రమాణం. వెప్, ఓపెన్ అన్నవి ఎంచుకోకూడదు.

7.5.5 వైఫై పాస్‌వర్డ్: మన ఇళ్లలో వైఫై పాస్‌వర్డ్‌గా మొబైల్ నంబరు పెట్టడం చాలా సాధారణం. ఇది ఎంత బలమైనదో లెక్క వేద్దాం. డబ్ల్యూపీఏ2లో ఒక పరికరం కనెక్ట్ అయ్యేటప్పుడు గాలిలో నడిచే సందేశాలను ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. తరువాత తమ ఇంట్లో కూర్చుని పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ఊహించి, వాటితో సరిపోల్చి చూడవచ్చు. ఆ ప్రయత్నాలను మీ రౌటర్ ఆపలేదు, అసలు గమనించనూ లేదు.

ఉదాహరణ: మన దేశంలో మొబైల్ నంబరుకు 10 అంకెలు. మొదటి అంకె 6, 7, 8, 9 లలో ఒకటి. కాబట్టి సాధ్యమైన నంబర్లు 4 × 1,00,00,00,000 = 400 కోట్లు. సెకనుకు 10 లక్షల ప్రయత్నాలు చేయగల కంప్యూటర్ ఉందనుకుంటే, అన్నిటినీ ప్రయత్నించడానికి పట్టే సమయం 4,000 సెకన్లు. అంటే సుమారు 67 నిమిషాలు.

ఇప్పుడు 2,000 మామూలు పదాల జాబితా నుంచి ఏ సంబంధం లేని ఐదు పదాలను చీట్లు తీసినట్టుగా ఎంచుకుని, మధ్యలో అడ్డగీతలు పెట్టామనుకుందాం. చింత, రైలు, దుప్పటి, ఏనుగు, మంగళం అన్నట్టు. వీటిని ఇంగ్లీషు అక్షరాలలో టైప్ చేయవచ్చు. సాధ్యమైన కలయికలు 2,000 ను ఐదుసార్లు గుణించినన్ని. అదే కంప్యూటర్‌కు అన్నిటినీ ప్రయత్నించడానికి వెయ్యి సంవత్సరాలకు పైగా పడుతుంది. గుర్తుంచుకోవడానికి ఐదు పదాలు కష్టం కాదు. అయితే పిల్లల పేర్లు, దేవుళ్ల పేర్లు, సినిమా పేర్లు వరుసగా పెడితే ఈ లెక్క చెల్లదు. పదాలు తెలిసినవైనా ఎంపిక యాదృచ్ఛికంగా ఉండాలి. ఇక్కడ ఇచ్చిన ఐదు పదాలనే వాడవద్దని వేరే చెప్పనక్కరలేదు. ఈ పాస్‌వర్డ్‌కు కనీసం 8, గరిష్ఠంగా 63 అక్షరాలు ఉండవచ్చు.

7.5.6 డబ్ల్యూపీఎస్: పాస్‌వర్డ్ బదులు 8 అంకెల పిన్‌తో కనెక్ట్ అయ్యే సౌకర్యం ఇది. చివరి అంకె మిగిలినవాటి నుంచి లెక్కకట్టేది కాబట్టి మిగిలే అవకాశాలు కోటి. కాని పిన్‌లోని మొదటి నాలుగు అంకెలు సరైనవో కావో రౌటర్ విడిగా చెప్పేస్తుంది. అందువల్ల మొదటి సగానికి 10,000, రెండవ సగానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లోపం 2011లో వెల్లడైంది. ఐదు పదాల పాస్‌వర్డ్ పెట్టి ఈ పిన్ సౌకర్యాన్ని తెరిచి ఉంచడం, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టడమే. దీనిని ఆపివేయాలి.

7.5.7 బ్యాండు, ఛానెల్: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఎక్కువ దూరం వెళ్తుంది కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు వేగవంతమైనది కాని గోడలు దాటడంలో వెనుకబడుతుంది. రౌటర్ ఉన్న గదిలో ఆన్‌లైన్ తరగతి వినేవారు 5 గిగాహెర్ట్జ్‌ను, దూరపు గదిలో ఉన్నవారు 2.4 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకోవచ్చు. 2.4 బ్యాండులో పక్కపక్క ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కో ఛానెల్ ఆక్రమించే వెడల్పు సుమారు 20 మెగాహెర్ట్జ్. కాబట్టి ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానెళ్లు. అపార్ట్‌మెంట్లలో ఛానెల్ వెడల్పును 20 గానే ఉంచి, ఈ మూడింటిలో రద్దీ తక్కువ ఉన్నదానిని ఎంచుకోవాలి.

7.5.8 అతిథి నెట్‌వర్క్: ఇంటికి వచ్చిన బంధువులు, పై వాటాలో అద్దెకు ఉన్నవారు పాస్‌వర్డ్ అడిగితే కాదనడం మనకు మొహమాటం. అందుకే చాలా రౌటర్లలో అతిథి నెట్‌వర్క్ అనే ఏర్పాటు ఉంది. దాని ద్వారా వచ్చినవారికి ఇంటర్నెట్ అందుతుంది కాని మీ కంప్యూటర్, ప్రింటర్ కనిపించవు. దీని పాస్‌వర్డ్‌ను తరచుగా మార్చినా మీ పరికరాలకు ఇబ్బంది ఉండదు. అయితే ఒక విషయం మరవకూడదు. అతిథి నెట్‌వర్క్ నుంచి వెళ్లినా బయటికి కనిపించేది మీ చిరునామాయే. పని లేనప్పుడు దీనిని ఆపి ఉంచాలి.

7.5.9 రిమోట్ మేనేజ్‌మెంట్, ఫర్మ్‌వేర్: బయటి ఇంటర్నెట్ నుంచి సెట్టింగుల పేజీని తెరిచే వీలును ఆపివేయాలి. కనెక్షన్ ఇచ్చినవారి పెట్టెలో వారి నిర్వహణకు ఉద్దేశించిన సెట్టింగు ఉంటే, మార్చే ముందు వారిని అడగాలి. రౌటర్‌లో ఉండే ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. అప్‌డేట్ దానంతట అదే జరిగే వీలుంటే దానిని ఆన్ చేయాలి. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే రౌటర్ పాడయ్యే ప్రమాదం ఉంది కనుక, కోతలు లేని వేళ చూసుకోవాలి.

7.5.10 రెండు అపోహలు: వైఫై పేరు కనిపించకుండా దాచితే క్షేమమని కొందరు భావిస్తారు. మీ ఫోను కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరును తానే గాలిలో చెబుతుంది కాబట్టి అది దాగదు. కొన్ని మ్యాక్ చిరునామాలనే అనుమతించడం కూడా గట్టి రక్షణ కాదు. మ్యాక్ చిరునామాను అనుకరించవచ్చు. ఈ రెండూ బలమైన పాస్‌వర్డ్‌కు ప్రత్యామ్నాయాలు కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. అడ్మిన్ పాస్‌వర్డ్ వైఫై పాస్‌వర్డ్ కంటే కీలకమైనదని ఎందుకు అంటాం?
4. డబ్ల్యూపీఎస్ పిన్‌ను కనుక్కోవడానికి గరిష్ఠంగా ఎన్ని ప్రయత్నాలు అవసరం? ఎలా?

7.6 ఇంటర్నెట్ రానప్పుడు

లోపాన్ని దగ్గర నుంచి దూరానికి వెతుక్కుంటూ వెళ్లాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అనే ఆదేశాన్ని ఇలా వాడవచ్చు.

1. ముందుగా గేట్‌వే చిరునామాకు పింగ్ చేయండి. జవాబు రాకపోతే లోపం మీ పరికరానికి, రౌటర్‌కు మధ్య ఉండే అవకాశం ఎక్కువ. వైఫై పాస్‌వర్డ్, కేబుల్, దూరం చూడండి.
2. గేట్‌వే జవాబిస్తే 8.8.8.8 కు పింగ్ చేయండి. జవాబు రాకపోతే లోపం సాధారణంగా రౌటర్‌కు బయట ఉంటుంది. ఫైబర్ పెట్టె మీద లాస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. రౌటర్ సెట్టింగులు మార్చి ప్రయోజనం లేదు, కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేయాలి.
3. 8.8.8.8 జవాబిస్తూ, వెబ్‌సైట్ పేరుతో పింగ్ చేసినప్పుడు పేరే దొరకలేదంటే, అది డీఎన్ఎస్ సమస్య.

ఈ మూడు మెట్లు తెలిస్తే, ప్రతిసారీ అన్నీ మార్చి చూసే అవసరం ఉండదు.

7.7 సారాంశం

రౌటర్ ఇంటి పరికరాలన్నిటికీ ఒకే బయటి చిరునామా ఇస్తుంది. అందువల్ల ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతివారి పనీ ఆ ఇంటి పేరు మీదే నమోదవుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవడం, యాదృచ్ఛిక పదాలతో పొడవైన పాస్‌వర్డ్ పెట్టడం, డబ్ల్యూపీఎస్‌ను, రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపడం, ఫర్మ్‌వేర్‌ను తాజాగా ఉంచడం అవసరమైన పనులు. ఇవన్నీ సుమారు అరగంటలో పూర్తవుతాయి. మార్చిన వివరాలను ఒక నోటు పుస్తకంలో రాసి, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచండి.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 32 బిట్ల చిరునామాలు అన్ని పరికరాలకూ చాలవు కాబట్టి.
2. బయటకు వెళ్లిన అభ్యర్థన లోపలి ఏ పరికరానికి చెందినదో నమోదు చేసుకుంటుంది.
3. దానితో వైఫై పాస్‌వర్డ్, డీఎన్ఎస్ సహా అన్ని సెట్టింగులనూ మార్చవచ్చు కాబట్టి.
4. 11,000. పిన్ రెండు సగాలుగా సరిచూడబడుతుంది: 10,000 + 1,000.

7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటి రౌటర్ చేసే వివిధ పనులను వివరించండి.
2. రౌటర్‌ను సురక్షితంగా అమర్చడానికి పాటించవలసిన వరుసక్రమాన్ని కారణాలతో చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మొబైల్ నంబరును వైఫై పాస్‌వర్డ్‌గా ఎందుకు పెట్టకూడదో లెక్కతో చూపండి.
2. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండుల మధ్య తేడాలు తెలపండి.

III. అభ్యాసం: మీ ఇంటి రౌటర్ సెట్టింగుల పేజీలో ప్రస్తుతం కనెక్ట్ అయి ఉన్న పరికరాల జాబితాను చూడండి. ఒక్కొక్కటి ఇంట్లో ఎవరిదో రాయండి. ఎవరిదో తెలియని పరికరం ఒక్కటి ఉన్నా, 7.5 విభాగాన్ని మొదటి నుంచి ఆచరణలో పెట్టండి.